మూసి ఉంచాల్సిన లైను

ఎనభైల్లో నేను తొర్రూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. మాకు జనగామకొక లైను, మహబూబాబాద్‌కొక లైను. ఆ రెండు ఊళ్ల మధ్య మూడోది. అందులో మా మహబూబాబాద్ లైనును మూసే ఉంచాలి, అటు మాటలన్నీ జనగామ మీదుగానే పోవాలి. ఉన్న లైనును ఊరికే పండబెట్టడం చూస్తే నాకు ఒళ్లు మండేది.

నాకు పని నేర్పిన అక్క ఓపిగ్గా చెప్పింది: "అందరికి పోయే కబురు ఏ లైన్ల వస్తే గదొక్కటి ఇడిసిపెట్టి, మిగిలినయిట్లకు పంపుతం. మూడు తెరిసుంటే గది సుట్టు తిరిగి మన కాడికే వస్తది. కొత్తదనుకొని మల్ల పంపుతం. ఇగ ఆగేదెట్ల?"

జనగామ మాకు పెద్ద ఎక్స్ఛేంజి. పావుగంటకోసారి అక్కడినుంచి "ఉన్నం" అని పలకరింపు వచ్చేది. వరసగా మూడుసార్లు రాకపోతేనే మూసిన లైను తెరవాలి. తెరిచాక కూడా కాసేపు వినడమే, వెంటనే మాట్లాడకూడదు. ఇప్పుడు నెట్‌వర్క్ స్విచ్‌లు ఈ పని వాటంతట అవే చేసుకుంటాయి, దాన్ని స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ అంటారు. వాటికి తొందరుండదు. ఓపికన్నది నా ఇంటా వంటా లేదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం పెద్దవంగర దగ్గర బస్సు బోల్తా పడింది. దవాఖాన నుంచి నర్సు ఫోన్ చేసింది. "తండా ముసలమ్మ. ఆమె మాట మాకు సమజైతలేదు. కొడుకును పిలుస్తున్నట్టుంది. ఎక్కువసేపు ఉండదు, జర అందరికి చెప్పుండ్రి."

జనగామ పలకలేదు. పలకరింపు తప్పింది ఒక్కసారే. అక్క అన్నానికి వెళ్లింది. నేను ఆగలేక మహబూబాబాద్ లైను తెరిచి కబురు చెప్పేశాను.

జనగామ బాగానే ఉంది, కాస్త ఆలస్యమైందంతే. మహబూబాబాద్ వాళ్లు దానికి చెప్పారు, అది నాకు చెప్పింది. చేతులు మారేసరికి ముసలమ్మ వయసు మారింది, చీర రంగు మారింది. ఇంకొకామె కూడా ఉందనుకొని అదీ పంపాను. అది ఇంకో రకంగా తిరిగొచ్చింది. ఎంతమందికి దెబ్బలు తగిలాయో అని కంగారుపడుతూ రాసుకున్నాను, పంపాను, మళ్లీ రాసుకున్నాను. ఒక్క నిమిషం లైను ఖాళీ లేదు.

గంటకు అక్క వచ్చి, నా కాగితాలు చూసి, మహబూబాబాద్ లైను మూసింది. వెంటనే జనగామ లైను మోగింది. ముసలమ్మ కొడుకు, మహబూబాబాద్‌లో కూలిపని చేస్తాడు. బస్టాండులో ఎవరో చెబితే పోస్టాఫీసుకు ఉరికాడు. దవాఖానకు కలిపాను.

"ఇప్పుడే పానం పోయింది బిడ్డా," అంది నర్సు. "జర ముందు చేస్తే చెవుకాడ ఫోన్ పెడ్తుంటి."

నర్సు పెట్టేసినా అతను పెట్టలేదు. "అక్కా," అన్నాడు నాతో, "గంట సంది బిజీ అంటున్నరు. గంతసేపు ఎవలు మాట్లాడిండ్రు?"

ఆ గంటసేపూ లైను నిండా ఉన్నది వాళ్లమ్మ కబురే. లైను ఖరాబైందని చెప్పాను.