వాక్యం పిన్ని గొంతు

వాక్యం పిన్ని రహస్యం చెబితే మూడిళ్ల అవతల తలుపు తెరుచుకునేది. కూరగాయల బండి దగ్గర ఆవిడ బేరమాడితే పక్క వీధి కొట్టువాడు కూడా భయపడి ధర తగ్గించేవాడని చెప్పుకునేవారు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు "అమ్మాయీ, కాస్త మెల్లగా మాట్లాడు, గోడలకు చెవులుంటాయి" అంటే, "ఉండనీయండి అత్తయ్యా, పాపం వాటికి మాత్రం ఎవరు మాట్లాడతారు" అందట. ఆ అత్తగారు ఈ కోడలితో ఎలా వేగిందో దేవుడికే తెలియాలి.

మరమగ్గాల షెడ్డులో ఆవిడ పని తెగిన పోగులు అతకడం. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఒక్కటి తెగితే చాలు, మగ్గం మొరాయించి నిలబడిపోతుంది. పిన్ని వెళ్లి, వంగి, రెండు కొసలూ వేళ్ల మధ్యకు తీసుకుని, బట్టలో ముడి కనపడకుండా కలిపేసి వచ్చేది. భర్త పోయాక, చంటిబిడ్డను చంకనేసుకుని ఆ పనిలో చేరింది. బిడ్డ పెరిగి పెద్దవాడై, లారీ తోలుకుంటూ, పెళ్లి కూడా చేసుకున్నాడు. పిన్ని మాత్రం ఆ పోగుల దగ్గరే ఉండిపోయింది.

ఆవిడకు ఆ పేరెలా వచ్చిందంటే, చేరిన కొత్తలో ఒకరోజు షెడ్డులో ఒకాయన చెయ్యి యంత్రంలో పడి నలిగింది. మర్నాడు పొద్దున అందరూ వచ్చారు గానీ ఒక్కరికీ మగ్గం ముట్టుకునే ధైర్యం లేదు. పిన్ని అటూ ఇటూ చూసి, నూలు కండెలు పెట్టుకునే చెక్కపెట్టె బోర్లించి దానిమీదికి ఎక్కింది. "పోగు తెగితే మగ్గం ఆపుతాం. అంతే గానీ బట్టను చింపి పారేయం కదా! మనల్ని నేసేవాడు మనకంటే తెలివితక్కువవాడా? నిన్న తెగింది. ఇవాళ అతుకుతాడు. పదండి" అంది. ఆ గొంతుకు రేకుల కప్పు దడదడలాడింది. జనం లేచి పనిలోకి వెళ్లారు.

మర్నాడు ఎవరో "పిన్నీ, ఇవాళేం లేదా?" అని అడిగారు. అడిగాక ఊరుకునే మనిషా! అప్పటినుంచీ యంత్రాలు మొదలయ్యే ముందు రోజూ బైబిలు నుంచి ఒక వాక్యం, దాని మీద నాలుగు మాటలు, చివర ఆమేన్. నమ్మినవాళ్లూ వినేవారు, నమ్మనివాళ్లూ వినేవారు. వినకుండా తప్పించుకునే చోటు ఆ షెడ్డులో లేదు మరి.

ఒక్క చోటు ఉంది. అది స్విచ్చి గది. షెడ్డు చివర అద్దాల కిటికీ వెనకాల, పెద్ద మోటార్ల పక్కన, మెయిన్ స్విచ్చి దగ్గర స్విచ్చి మేస్త్రీ నిలబడి ఉండేవాడు. అద్దాల లోపల, మగ్గాల కంటే ముందే మొదలయ్యే మోటారు రొద. పిన్ని ఆమేన్ అనగానే స్విచ్చి వేయడం ఆయన పని. ఆయన కూతురు చిన్నవయసులోనే జబ్బు చేసి పోయింది. ఆనాటినుంచి గుడికి వెళ్లడం మానేశాడు. ఎవరైనా అడిగితే, "నాకూ దేవుడికీ మాటల్లేవు" అనేవాడు, పొలం గట్టు తగాదాలో అన్నదమ్ముడి గురించి చెప్పినట్టు. వాక్యం చెవిన పడకుండా ఉండడానికే ఆ గది పట్టుకు వేలాడుతున్నాడని అందరూ అనుకునేవారు.

ఇక స్విచ్చి పడిందా, ఆ షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అందుకని అక్కడివాళ్లంతా పెదవులతో మాట్లాడుకుంటారు. గొంతు వాడరు. ఈ చివరి మగ్గం దగ్గర ఒకామె పెదవులు కదిలిస్తే ఆ చివరి మగ్గం దగ్గర ఇంకొకామె చదువుకుంటుంది. పోగు తెగింది, టీ వచ్చింది, ఫలానావాళ్ల అల్లుడు అలిగాడు, అన్నీ అలాగే సాగిపోతాయి. ఆ ఘోషలో వాళ్లు చెప్పుకున్నన్ని కబుర్లు ప్రశాంతంగా కూర్చున్నవాళ్లు కూడా చెప్పుకోరు.

అలాంటి పిన్ని గొంతులో గడ్డ లేచింది. మొదట జలుబు అనుకుంది. వేడినీళ్లు తాగింది, మిరియాలు నమిలింది, ఆ బొంగురు గొంతుతోనే వాక్యం చెప్పింది. చివరికి కోడలు చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోయింది. గడ్డ తీసేశారు. కుట్లు మానాక డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని, "ప్రాణం దక్కిందమ్మా. మాట మాత్రం ఇక రాదు" అని చెప్పింది.

పిన్ని ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఇంటికొచ్చి నోరు బిగించుకుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, దేవుడి మీద కోపమంతా గిన్నెల మీద చూపించింది. ఆ ఇంట్లో ఇక గిన్నెలదే గొంతు. కోడలు పాపం పలకా బలపం కొనుక్కొచ్చి, "అత్తయ్యా, ఏం కావాలన్నా దీనిమీద రాయండి" అంది. పిన్ని ఆ పలకను పాలగిన్నె మీద మూతగా పెట్టింది.

షెడ్డు ఆడవాళ్లు గుంపుగా చూడటానికి వచ్చారు. పిన్ని గోడవైపు తిరిగి పడుకుంది. వాళ్లు కాసేపు వీపుతో మాట్లాడి, కళ్లు తుడుచుకుని వెళ్లారు. పాస్టరు గారు వచ్చి, "అంతా దేవుని చిత్తమమ్మా" అన్నారు. పిన్ని ఆయనవంక ఒక చూపు చూసింది. ఆయన టీ వేడివేడిగా గొంతులో పోసుకుని, ఇంకో ఇంట్లో ప్రార్థన ఉందని లేచారు.

ఆవిడ బాధ ఒక్కటే. తిండి పోయినా ఓర్చుకునేది, కాళ్లు పోయినా ఓర్చుకునేది. పొద్దున్నే పెట్టె ఎక్కి నాలుగు మాటలు చెప్పడం ఒక్కటే తన బతుకులో దేవుడికి ఇచ్చుకోగలిగినది. ఆయన దాన్నే తీసేసుకున్నాడు. అంటే నా మాట ఆయనకు అక్కర్లేదు, అనుకుంది. ఆ ఆలోచన ఆవిణ్ణి లోపల్లోపల తినేసింది. గ్రంథం తెరవడం మానేసింది. ప్రార్థన మానేసింది.

ఒక ఆదివారం కోడలు బతిమాలి గుడికి తీసుకెళ్లింది. పిన్ని ఆడవాళ్ల వైపు, గోడవారగా కూర్చుంది. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. అప్పుడు పిన్నికి లోపల మూతపెట్టి ఉంచినదంతా పొంగింది. గొంతులేని నోటితోనే దేవుడితో దెబ్బలాటకు దిగింది. వినేవాళ్లెవరూ లేరన్న ధీమాతో పెదవులకు పగ్గాలు వదిలేసింది.

"తెగిన పోగు అతకడం నాకు చేతనవును. నువ్వు తెంపినదాన్ని ఎవరు అతకాలి? ఇన్నాళ్లూ నీ మాట నేను చెప్పిపెట్టాను. ఇక నువ్వే చెప్పుకో. పొద్దున్నే లేచి, వచ్చి, ఆ పెట్టె నువ్వే ఎక్కు. మోకాళ్లు ఎలా పట్టేస్తాయో అప్పుడు తెలుస్తుంది. నీ సేవ చేసినందుకు బాగా బుద్ధి చెప్పావు, సంతోషం!"

బతుకంతా పెదవులు చదివే మనుషుల మధ్య గడిపిన ఆవిడ, తన పెదవులూ ఎవరికైనా కనపడతాయన్న సంగతే మరిచిపోయింది. ఆ రోజు ఒకరి కళ్లు తెరిచే ఉన్నాయి. మేనకోడలి బిడ్డను గుడిలో దేవుడికి ప్రతిష్ఠ చేస్తున్నారని, భార్య పోరు పడలేక, స్విచ్చి మేస్త్రీ వచ్చి మగవాళ్ల వైపు కూర్చున్నాడు. దేవుడితో మాటల్లేని మనిషి కళ్లు మూసుకోవలసిన పనేముంది? ఆయన ఆ తగవంతా అక్షరం పొల్లుపోకుండా చదివాడు. మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

ఆరాధన అయ్యాక జనం గుమ్మం దగ్గర కిక్కిరిసి ఉండగా, మేస్త్రీ అవతలినుంచే చెయ్యి ఊపి పెదవులు కదిలించాడు.

"అక్కా! దేవుణ్ణి పెట్టె ఎక్కమన్నావా?"

పిన్ని పెదవులతోనే అడిగింది. "నీకెలా తెలుసు?"

"చూశాను."

"ప్రార్థనలో కళ్లు తెరుచుకుని చూస్తావా, సిగ్గులేదూ?"

"నువ్వు ప్రార్థనలో ఆయన్ను కడిగిపారేస్తావా? నేను మాట్లాడటం మానేశాను, అంతే. నువ్వు నాకంటే ఘనురాలివి."

మధ్యలో ఉన్న కోడలు ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూసి, "మీరిద్దరూ ఏం చేస్తున్నారు?" అంది బెదురుగా. అప్పుడు తెలిసింది పిన్నికి, ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక మనిషితో మాటకు మాట అనడం ఇదే మొదలని.

మేస్త్రీ జనాన్ని తోసుకుని దగ్గరకు వచ్చాడు. ఈసారి గొంతుతోనే అన్నాడు. "అక్కా, నీ గొంతు పోయిందని షెడ్డంతా ఏడ్చింది. నేను ఏడవలేదు. ఎందుకో తెలుసా? పొద్దున నీ గొంతు నేనెప్పుడూ వినలేదు. అద్దం వెనక, మోటారు పక్కన నాకేం వినపడుతుంది? నీ పెదవులే చదివేవాణ్ణి. రోజూ. నా బిడ్డను పూడ్చిపెట్టి వచ్చిన మర్నాడు కూడా. ఆ స్విచ్చి వేయడానికి నాకు చెయ్యి లేవలేదు. నువ్వు ఆమేన్ అన్నావు, లేచింది. ఇన్నేళ్లూ నన్ను నిలబెట్టింది నీ గొంతు కాదక్కా. ఇప్పుడు పోయిందంటున్నావే, ఆ పోయినదేదో నా దగ్గరకు ఎన్నడూ రానేలేదు."

పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని అప్పుడు ఏడ్చింది. కరువుతీరా ఏడ్చింది.

మర్నాడు పొద్దున షెడ్డులో పిన్నిని చూసి అందరూ చుట్టుముట్టారు. తోడుగా కోడలు కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. పిన్ని చేత్తో అందరినీ జరగమని సైగ చేసి, పెట్టె బోర్లించి ఎక్కింది. షెడ్డు చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దాన్ని చూసే ఆవిడకు భయమేసింది. ఆ చోటును నింపడానికి ఆవిడకు ఎప్పుడూ గొంతు ఉండేది.

ధైర్యం చేసి పెదవులు కదిలించింది. కానీ వాళ్లు చూస్తేగా! పిన్ని మళ్లీ పెట్టె ఎక్కిందన్న ఆనందంలో, ఆవిడ మీద జాలితో, అలవాటు చొప్పున, షెడ్డుకు షెడ్డు తలలు దించి కళ్లు గట్టిగా మూసుకుంది. కొందరు వెక్కిళ్లు పెడుతున్నారు. ఎంత భక్తి! ఎంత బుద్ధితక్కువ! పెదవులు తప్ప ఏమీ లేని మనిషి ముందు అందరూ కళ్లు మూసుకున్నారు. పిన్ని చేతులు చాచింది, కాలితో పెట్టెను తట్టింది. అది ప్రార్థనలో భాగమనుకుని ఇంకా గట్టిగా మూసుకున్నారు. పిన్ని మొహం వాడిపోయింది. దిగిపోదామని ఒక కాలు కిందికి దించింది.

అద్దం వెనకాల మేస్త్రీ ఇదంతా చూస్తున్నాడు. ఆమేన్ కాకుండా స్విచ్చి వేయడం ఆ షెడ్డులో ఎరగరు. ఆయన వేశాడు.

మగ్గాలన్నీ ఒక్క పెట్టున గర్జించాయి. అడ్డపోగు మోసే నాడెలు ఇటునుంచి అటు పరుగెత్తాయి. మగ్గం ఆడుతుండగా కళ్లు మూసుకుని నిలబడే నేతగాడు ఈ లోకంలో లేడు. ఉలిక్కిపడి అందరూ కళ్లు తెరిచారు, తలలెత్తారు. ఎదురుగా పెట్టె మీద ఒంటికాలితో పిన్ని.

ఆ ఘోషలో ఇప్పుడు గొంతున్నవాళ్లు ఎవరూ లేరు. గట్టిగా పాడేవాళ్లూ, తిట్టేవాళ్లూ, యజమానీ, అందరూ ఆవిడతో సమానమే. పిన్నికి ఆ మాట మనసుకు తట్టిన క్షణాన దించిన కాలు మళ్లీ పైకి వచ్చింది. వెన్ను నిటారయింది. ఆవిడ పెదవులు విప్పింది.

"బైబిల్లో, బిడ్డ పుట్టాలని గుడిలో కుమిలిపోయిన ఆ అమ్మను తలచుకోండి. ఆవిడ పెదవులు కదిలాయి, మాట వినపడలేదు. అక్కడి పెద్దాయన చూసి తాగి వచ్చిందనుకున్నాడు. వినవలసినవాడు మాత్రం విన్నాడు! నేను నిన్నటిదాకా ఆయనను తిట్టాను. ఆ తిట్లూ విన్నాడు. విని, నాకు జవాబు పంపాడు. మీలో ఎవరి నోట మాట రాకుండా పోయిందో, ఎవరి బాధ ఎవరికీ చెప్పుకోలేనిదో, వాళ్లకు చెబుతున్నాను. ఆయనకు గొంతుతో పనిలేదు. కదిలించండి పెదవులు, చాలు!"

ముందు వరుసవాళ్లు చదివారు. వెనకవాళ్లకు ఆవిడ కనపడకపోతే, ముందువాళ్లు వెనక్కి తిరిగి తమ పెదవులతో అందించారు. మగ్గం నుంచి మగ్గానికి ఆ మాట షెడ్డంతా పాకింది. పోగులు తెగుతున్నాయి, పట్టించుకున్నవాళ్లు లేరు. గుమ్మంలో కోడలికి ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ, పెట్టె మీది అత్తయ్య మొహం చూసి చేతులు జోడించింది.

అప్పుడు అద్దాల గది తలుపు తెరుచుకుంది. స్విచ్చి వేసేశాడు కదా, అక్కడ ఆయనకు ఇక పని లేదు. మేస్త్రీ వరుసల మధ్యగా నడుచుకుంటూ వచ్చి పెట్టె ముందు నిలబడ్డాడు. పిన్ని చివరి మాట అనబోతుంటే చెయ్యెత్తి ఆపాడు. తల పైకెత్తి, ఆవిడ కంటే పైకి చూస్తూ, చాలా ఏళ్ల తర్వాత, ఆయనే ఆమేన్ అన్నాడు.