అరికాలు చూపించు

అనంతపద్మనాభం గారు ఎదుటి మనిషి మొహం కంటే ముందు అరికాలు చూస్తారు. మెడికల్ కాలేజీ ల్యాబులో ముప్పై ఏళ్ళు మైక్రోస్కోపు మీదకు వంగి వంగి రిటైరయ్యారు. నడుముకు అదే అలవాటైపోయిందో ఏమో, గుంటూరు మిర్చి యార్డులో ప్రతి సీజనూ కూలీల కాళ్ళ దగ్గర వంగుతారు.

ఓసారి తొడిమలు తీసే సుబ్బరావమ్మ ముందు వంగితే ఆవిడ కంగారుపడి, చేతిలో ఉన్న మిరపకాయల్నే అక్షింతల్లా నెత్తిన వేసి, "నూరేళ్ళు చల్లగా ఉండు నాయనా" అంది.

ఆయన తుమ్ముతూనే, "సరేనమ్మా, రెండో కాలు" అన్నారు.

చూసి ఊరుకోరు. నూనె పట్టించిన పల్చటి కాగితం అరికాలికి ఆనించి, పాదం చుట్టూ గీసి, మచ్చలుంటే అందులోకి దించి, పేరూ తేదీ రాసి సంచిలో పెడతారు. "పంతులుగారు కాళ్ళకు జాతకాలు రాస్తున్నాడ్రోయ్" అని యార్డంతా ఆయన్ని చూసి నవ్వు.

బస్తాల్లోకి దిగి మిరపకాయలు తొక్కే మాబు అందరికంటే గట్టిగా నవ్వేవాడు. ఎనభై తొమ్మిది వేసవిలో మాత్రం ఆయన్ని చూసి లారీ వెనక్కి తప్పుకున్నాడు. ఎడమ మడమ మీద నల్లమచ్చ పెద్దదవుతోంది. ముల్లు విరిగిందేమోనని భార్య జానీబీ నల్లజీడి గింజ కాల్చి ఆ రసం పెట్టింది. జీడి పెట్టిన చోటల్లా నల్లగా మాడుతుంది. ఇప్పుడు మచ్చ ఏదో, మాడు ఏదో తెలియదు.

"మాబూ, లారీ కింద నుంచి నీ కాళ్ళు కనపడుతున్నాయిరా."

మాబు బయటికొచ్చాడు. పంతులుగారు పోయినేటి కాగితం తీసి మడమకు ఆనించారు. తుమ్మలేదు, నవ్వలేదు.

"పోయినేడు పెసరగింజంత ఉంది. ఇప్పుడెంతుందో ఈ జీడి చెప్పనివ్వడం లేదు. పైచర్మంతో పాటు జీడి నలుపు ఊడిపోతుంది. ఇరవై రోజులు ఏమీ పెట్టకు."

"ఊడకపోతేనండీ?"

"ఊడనిది నీ సొంతం."

"అసలు మచ్చ ఎందుకు పెరుగుద్దండీ?"

"చర్మంలో రంగు తయారుచేసే కణాలుంటాయిరా, కంటికి ఆనవు. వాటంతట అవి పెరగవు. పక్క కణాలు గ్రోత్ ఫ్యాక్టరని ఓ కబురు పంపాలి. అప్పుడే ఒకటి రెండవుతుంది. చెడిన కణం ఆ కబురేదో తనే తయారుచేసుకుంటుంది. ఈ మధ్యనే కనిపెట్టారు."

"అంటే మేస్త్రీ పిలవకుండానే పనిలోకి దిగేవాడు."

"దిగి, నేనే మేస్త్రీనని ఇంకో పదిమందిని పిలిచేవాడు."

ఆ రోజు నుంచి మాబు బస్తా తొక్కుతుంటే ఎవడో మడమలోంచి కూలీలను కేకేస్తున్నట్టే ఉండేది. రోజులు లెక్కపెట్టాడు. పంతొమ్మిదో రోజు జానీబీ కాలు చూసింది. నలుపు అక్కడే ఉంది. భయపడి ఇంకో చుక్క జీడి పెట్టేసింది.

ఇరవయ్యో రోజు పంతులుగారు అది చూసి బస్తా మీద కూలబడ్డారు. మొదటిసారి మాబు మొహంలోకి చూశారు.

"పోలేదని పెట్టానండీ" అంది జానీబీ.

"ఇంట్లో గింజలు ఎన్ని మిగిలాయి తల్లీ?"

"ఆరు."

"ఇలా ఇవ్వు."

ఆరూ సంచిలో వేసుకుని, కాగితం మళ్ళీ ఆనించారు. జీడి మాడు దాటి, ఒక పక్కన, నల్లటి చార పోయినేటి గీత దాటి బయటికి పాకింది. "ఇంక ఆగేది లేదు. రిక్షా ఎక్కు" అన్నారు.

పెద్దాసుపత్రిలో మచ్చను చుట్టూ కండతో సహా తీసి పరీక్షకు పంపారు. పది రోజులు. పంతులుగారు మంచం పక్కన కూర్చోలేక వార్డులో ప్రతి మంచం చివరా దుప్పట్లెత్తి అరికాళ్ళు చూస్తుంటే నర్సు జయకుమారి రెండుసార్లు బయటికి పంపింది. మాబు మాత్రం ఒక్కటే అడిగేవాడు: "కాలు తీసేస్తారాండీ?" ఆయన పక్క మంచం దుప్పటి ఎత్తేవారు. అదే భయంగా ఉండేది.

పదకొండో రోజు చీటీ పట్టుకొచ్చారు. "క్యాన్సరే. కానీ లోతుకు దిగలేదు. తీసిన కండ అంచులు శుభ్రం. కాలు నీదే."

మాబు అన్నాడు: "అయితే మేస్త్రీ దొరికాడు."

"కూలీలతో సహా. ఏడాదికి నాలుగుసార్లు వచ్చి చూపించుకోవాలి."

నెల తర్వాత మాబు యార్డుకొస్తే పంతులుగారు ఒక గోనెసంచి విప్పుతున్నారు. లోపల చెప్పులు. ప్రతి జతకూ పేరు చీటీ. మాబు జతలో ఎడమ మడమ దగ్గర మెత్తటి రబ్బరు, గాయం మేరకు గుంట.

"నా కొలత ఎట్టా తెలిసిందండీ?"

"మచ్చ కోసమైతే పాదమంతా ఎందుకు గీస్తాన్రా? పెన్షన్ వచ్చినప్పుడల్లా ఓ రెండు జతలు కుట్టిస్తున్నాను. మీరు నవ్వుతుంటే చెప్పలేదు."

మాబు చెప్పులు పక్కన పెట్టాడు. తర్వాత కింద కూర్చున్నాడు.

"పంతులుగారూ, మీ కాలు చూపించండి."

"నాదెందుకురా?"

"చూపించండి."

ఆయన కాలు వెనక్కి లాక్కోబోయారు. మాబు వదల్లేదు. బొటనవేలి కింద నల్లటి మచ్చ.

"ఇదేందండీ?"

పంతులుగారు ఆకాశంలోకి చూశారు. "మొన్న ముల్లు గుచ్చుకుంది. సంచిలో గింజలున్నాయి కదాని..."

మాబు చెయ్యి చాపాడు. "ఇరవై రోజులు ఏమీ పెట్టమాకండి. మిగతా ఐదూ ఇట్టా ఇవ్వండి."