ఐదో పేరు

ఒకరు పెట్టిన పేరు బాబాయికి నచ్చిన పాపాన పోలేదు. వారపత్రికలో కథలు దిద్దడం ఆయన ఉద్యోగం. కథలో కామా కూడా కదపడు గానీ, పేరు మార్చందే ఆయనకు ముద్ద దిగదు. ఇరవై రెండేళ్లుగా ఆ పత్రికలో ఏ కథా తన సొంత పేరుతో అచ్చయి ఎరగదు.

ఇంట్లోనూ అదే గోల.

"ఏవండీ, సరుకుల చీటీ మీద 'సగం నిండిన డబ్బాలు' అని రాశారేంటి?" అని పిన్ని అడిగేది.

"వట్టి 'సరుకులు' అంటే ఎవరు చదువుతారే?"

"కొట్టువాడు చదివితే చాలు!"

పక్కింటివాళ్లయితే పాపకి పేరు ఖాయం చేసేదాకా ఆయన కంటపడకుండా పెరటి గుమ్మంలోంచి తిరిగారు.

ఇలాంటి మనిషికి ఓ అన్న కూతురుంది. మందుల షాపులో పని. డాక్టర్ల కోడిగీతలు చదివీ చదివీ, ఓ ముసలాయన మందుల చీటీ గురించి కథ రాసింది. కథకి మూడు రోజులు పట్టింది, పేరుకి పదిహేడు. చివరికి 'గుండె రాసిన చీటీ' అని పెట్టుకుని, తనకు తనే మురిసిపోయి, కథ తెచ్చి బాబాయి చేతిలో పెట్టింది.

"బాబాయ్, నీకు దండం పెడతాను. ఆ పేరు జోలికి మాత్రం వెళ్లకు."

"ఛ ఛ, నేనెందుకు వెళ్తానమ్మా!"

ఎనిమిది నెలలు గడిచాయి. ఎప్పుడడిగినా "పరిశీలనలో ఉంది" అనేవాడు. తనకు రాయడం రాదేమోనని ఆమె దిగులుపడి, కాగితాలన్నీ అటకెక్కించేసింది. అలాంటిది ఓ గురువారం పత్రిక తెరిస్తే తన కథ! పైన మాత్రం 'భోజనానికి ముందు' అని ఉంది.

షాపులో అందరూ ఒకటే నవ్వు. "కథ రోజుకి ఎన్నిసార్లు వేసుకోవాలి?" అన్నాడు యజమాని.

ఆమె ఒంటికాలి మీద లేచి పత్రికాఫీసుకి వెళ్లింది. జిగురు వాసన కొట్టే చిన్న గదిలో, దారంతో కట్టిన కథల కట్టల మధ్య, బాబాయి ఎవరిదో కథకి పై కాగితం ఊడదీసి కొత్తది అంటిస్తున్నాడు.

"నేను పెట్టిన పేరేది బాబాయ్?"

ఆయన నోరు తెరిచేలోగా ఎడిటరుగారు లోపలికొచ్చారు. ఆమె ఎవరో ఆయనకు తెలియదు.

"ఈ వారం కథ అద్భుతమండీ! ఇలాంటివి ఏడాదికొకటి రావు. ఆ మధ్య ఏదో వచ్చింది చూడండి, 'గుండె రాసిన చీటీ' అట. చూడగానే పక్కన పడేశాను. ఆ 'అర్థంకాని అక్షరాలు' దండగ. 'రోజుకు మూడుసార్లు' మరీ నాసి. ఇక 'భోజనం తర్వాత' ఉందే, చప్పిడి!"

"చప్పిడేనండీ," అన్నాడు బాబాయి వినయంగా.

ఎడిటరుగారు వెళ్లిపోయారు. ఆమె కుర్చీలో కూలబడింది.

"ఆ నాలుగూ..."

"నీ కథే. ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ఆయనకి పేరు నచ్చితేనే పేజీ తిప్పుతాడు. వద్దన్న పేరు చచ్చినా మర్చిపోడు. కథంటావా, చదివితే కదా గుర్తుండడానికి! అందుకే పేరు మార్చి మళ్లీ పంపుతుంటాను."

"మరి మొదటిసారే ఒప్పుకున్న కథలకి ఎందుకు మారుస్తావు?"

"అన్నిటికీ మారిస్తేనే ఆయన నా చాదస్తమనుకుని ఊరుకుంటాడు. కొన్నిటికే మారిస్తే దొరికిపోనూ?"

"నేను నీ అన్న కూతుర్నని ఒక్క మాట చెబితే పోయేదిగా!"

"చెబితే చదవకుండానే వేసేవాడు. నీ కథ చదివి వేయాలమ్మా."

ఆమె కోపం ఎటు పోయిందో పోయింది. ఇంత మంచివాడినా ఇన్నాళ్లూ ఆడిపోసుకున్నానని సిగ్గేసింది.

"మరి సరుకుల చీటీ సంగతేంటి?"

బాబాయి తల గోక్కున్నాడు. "అదా... చెయ్యి అలవాటుపడిపోయింది."

ఆమె అటక మీది కాగితాలు దింపింది. నెల తిరక్కుండా రెండో కథ తెచ్చి ఇచ్చింది. ఈసారి దానికి పేరు పెట్టలేదు. పైన వరసగా ఐదు ఖాళీ గీతలు గీసింది.

బాబాయి నిలబడే కథంతా చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చాలా బాగుందమ్మా," అన్నాడు. "ఇంకో మూడు గీతలు గియ్యి."