ఆరోగ్యమేరి కుంటినడక

అనకాపల్లి బెల్లం మార్కెట్లో షావుకార్లకి భోజనం క్యారేజీలు మోసి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచిన ఆరోగ్యమేరికి మనుషుల మీద నమ్మకం తక్కువ. లారీ మీద పనిచేసే భర్త స్టీవెన్ పోయాక ఆమె నమ్ముకున్నవి రెండే, ప్రభువు, నెలనెలా వచ్చే వితంతు పింఛను. ప్రభువును ఎవరూ రద్దు చెయ్యలేరు. పింఛను సంగతి అలా కాదు.

రెండువేల ఆరులోనో ఏడులోనో, జనం కదలకుండా కూర్చుని రోగాలు తెచ్చుకుంటున్నారని సర్కారుకి బెంగ పుట్టింది. ఆరోగ్యమేరి వీధికి దేవీప్రసాద్ అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. తెల్ల బూట్లు, మెడలో విజిల్. రోజూ పొద్దున్నే గ్రౌండు చుట్టూ నడవాలనీ, నడిచినవాళ్ళకి టోపీ ఇస్తామనీ చెప్పి వెళ్ళాడు.

ఊరికే టోపీ ఎందుకిస్తారు? ఆరోగ్యమేరికి అన్నం సయించలేదు. సాయంత్రం కుళాయి దగ్గర ఎదురింటి అప్పలనర్సమ్మని పట్టుకుంది.

"నడిపించి సూత్తారొదినా. కాళ్ళు బాగున్నోళ్ళకి పింఛనెందుకని కొట్టేత్తారు. టోపీ ఎందుకనుకున్నావు? దూరం నుంచి గుర్తెట్టుకోడానికి."

అప్పలనర్సమ్మకీ పింఛనుంది. బిందె నిండేలోగా ఆ మాట వీధి చివరిదాకా పాకింది.

మర్నాడు విజిల్ మోగేసరికి గుమ్మాల్లోంచి ఒక్కొక్కరే కుంటుతూ దిగారు. ఏ పింఛనూ లేని సన్యాసిరావు కూడా ముందుజాగ్రత్తగా కుంటాడు. వీధికుక్క సైతం మూడుకాళ్ళ మీద నడిచిందంటారు గాని, కుక్క సంగతికి నాది పూచీ కాదు.

దేవీప్రసాద్ ఈ వీధికేదో మాయరోగం తగిలిందనుకుని ఎముకల డాక్టర్ని వెంటబెట్టుకొచ్చాడు. డాక్టరు ఆరోగ్యమేరి మోకాలు నొక్కి చూసి, ఎప్పటి నుంచి నొప్పని అడిగాడు.

"మీరు టోపీలిత్తామన్న కాడ్నుంచీ బాబూ," అంది నిజాయితీగా.

ఆయన రాయిలాంటి ఆ పిక్కల్ని ఇంకోసారి తడిమి, ఇలాంటి పట్టు నడిస్తేనే పోతుందనీ, రోజూ గ్రౌండు చుట్టూ తిరగమనీ చెప్పాడు. ఇక నడవక తప్పదు, తిన్నగా నడిచేందుకు లేదు. ఒకరోజు ఆదమరిచి కాలు మార్చేసింది. వెనకనుంచి అప్పలనర్సమ్మ కొంగు లాగింది.

"నిన్న ఎడంకాలొదినా."

నెల తిరిగింది. పింఛను ఎప్పటిలాగే వచ్చింది. కుంటబట్టే వచ్చిందని ఆరోగ్యమేరికి రూఢి అయిపోయింది. అప్పటికి దేవీప్రసాద్‌కీ ఎవరో అసలు సంగతి చెవిన వేశారు. పాపం, నవ్వలేదు. గ్రౌండు గేటు దగ్గర ఆగి ఆమెకి నెమ్మదిగా నచ్చజెప్పాడు.

"మామ్మా, పింఛనుకీ ఈ నడకకీ సంబంధం లేదు. నువ్వెంత బాగా నడిచినా నీ పింఛను ఎక్కడికీ పోదు. మామూలుగా నడువు."

ఆరోగ్యమేరి సరే బాబూ అని తలూపింది. అడక్కుండానే పింఛను మాటెత్తాడంటే దాని మీదే కన్నేశాడన్నమాట.

మర్నాటి నుంచి చేతికర్ర కూడా పట్టింది.