చెరపనన్న నూట డెబ్బై ఎనిమిది

మొన్న ఆదివారం చర్చి నుంచి నేరుగా నార్సింగిలో మా అమ్మాయి ఇంటికి భోజనానికి వెళ్ళాను. అల్లుడు ఐటీలో పెద్ద ఉద్యోగమే చేస్తున్నాడు. ఏదో మాట మీద నేను, అది అలా జరిగి తీరుతుందిలే బాబూ అంటే, అతను నవ్వి, డేటా లేకుండా ఏదీ నమ్మకూడదండీ అత్తయ్యా అన్నాడు. సరే అనుకున్నాను. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఆఫీసు నుంచి ఫోను. టెస్టులో ఏదో అంకె రావలసినట్టు రాలేదట. "లాజిక్ కరెక్టే కదా, రావాల్సిన నంబర్ మనకి తెలుసు కదా, అదే పెట్టేయండి" అని చెప్పేసి మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. పిల్లవాడు మంచివాడే, కానీ నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే ఆ మాట నేను వినడం అది మొదటిసారి కాదు.

హైటెక్ సిటీలో అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్న రోజుల్లో నేను గుంటూరు వైపు నుంచి పెళ్ళయి వచ్చిన కొన్నేళ్ళకు, చందానగర్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేరాను. బడంటే పెద్ద బడేమీ కాదు, కింద కిరాణా కొట్టు, పైన మా తరగతులు, ఇంటర్వెల్‌లో పిల్లలు మెట్ల మీదే కూర్చుని బిస్కెట్లు తినేవాళ్ళు. మావారు ఒక దవాఖానలో నర్సు. ఆ ఏడాది గడిస్తే నన్ను పర్మనెంట్ చేస్తామనీ, అప్పుడు మా అమ్మాయికి అదే బడిలో ఫీజు లేకుండా సీటిస్తామనీ హెడ్మాస్టరు మాటిచ్చాడు. మా ఇద్దరి ఆశా దాని మీదే ఉండేది. మన తరంలో పర్మనెంట్ అన్న మాటకు ఎంత బరువుండేదో మీకు నేను చెప్పాలా!

ఏడో తరగతి పిల్లల చేత ఒక రోజు త్రిభుజాలు గీయించి, కోణమానినితో మూడు కోణాలూ కొలిచి కూడమన్నాను. ఒక్కొక్కరే లేచి చెబుతుంటే బోర్డు మీద రాస్తున్నాను. అందరికీ నూట ఎనభయ్యే. అంత చక్కగా రావడం చూసి నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే మన పిల్లల విద్య నాకు తెలుసు: రెండు కోణాలు కొలుస్తారు, మూడోది కొలవరు, నూట ఎనభైలోంచి తీసేసి రాసేస్తారు, పైగా కొలిచామంటారు. మీరూ నేనూ అలా చేసే పాసయ్యాం, కాదనకండి. అప్పుడు మదీనాగూడ నుంచి వచ్చే ఒక పిల్ల లేచి, "నాకైతే నూట డెబ్బై ఎనిమిదే వచ్చింది టీచర్, మల్లా కొల్చినా గంతే" అంది. తరగతంతా గొల్లుమంది. నేను మాత్రం ఆ అంకెను బోర్డు మీద అందరికంటే పెద్దగా రాశాను.

గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న హెడ్మాస్టరుకు అది నచ్చలేదు. మంచి మనిషే, కానీ ఎవరు ఏమంటారో అన్న భయం ఎప్పుడూ ఆయనను వదలదు. "మేడమ్, వచ్చేదెంతో మనకెర్కే కద, అదే రాయండ్రి. రేపు తల్లిదండ్రులు చూస్తె లెక్కల టీచరే తప్పు రాసిందంటరు. జర మీ పర్మనెంట్ సంగతి గూడ సోంచాయించుండ్రి" అన్నాడు.

చెరపనన్నాను. ఆ పిల్ల కళ్ళతో చూసింది నూట డెబ్బై ఎనిమిది, పెన్సిలు మొద్దుది కావచ్చు, చెయ్యి కదిలి ఉండవచ్చు, అయినా చూసింది అదేనండీ అన్నాను. ఆ తర్వాత బోర్డు మీద ఒక త్రిభుజం గీసి, పై మూల మీదుగా కింది భుజానికి సమాంతరంగా ఒక గీత గీశాను. కింద ఉన్న రెండు కోణాలకూ సమానమైనవి పై కోణానికి అటొకటీ ఇటొకటీ వచ్చి చేరాయి, మూడూ కలిసి ఒక సరళరేఖ అయ్యాయి. కొలవకుండానే నూట ఎనభై. ఏ త్రిభుజమైనా అంతే, ఇంకా ఎవరూ గీయనిదైనా అంతే.

ఆలోచిస్తే తెలిసేది ఒకటి, చూస్తే తప్ప తెలియనిది ఒకటి. అనుభవంతో పని లేని జ్ఞానమనీ, అనుభవం తర్వాత కలిగే జ్ఞానమనీ తత్వశాస్త్రంలో వీటికి వేరువేరు పేర్లున్నాయని చాలా ఏళ్ళకు తెలిసింది. పేర్లు తెలియని రోజున కూడా ఒకదాని చేత రెండోదాని నోరు నొక్కించడం అబద్ధమని నాకు తెలుసు. నిరూపించగలిగినదాన్ని నిరూపించండి, కొలిచానంటే మాత్రం కొలిచిందే చెప్పండి.

ఆ వేసవి సెలవులయ్యాక నన్ను రావద్దన్నారు. మావారు పొద్దున్నే దవాఖానకు వెళుతూ మా అమ్మాయిని వేరే బడి దాకా నడిపించుకు వెళ్ళేవారు. ఉద్యోగం పోతుందేమోనని ముందే అనుకున్నాను, కానీ అనుకోవడం తెలియడం కాదు. పోతే ఎలా ఉంటుందో పోయాకే తెలిసింది. మా వంటింట్లోకి ఆ బడి గంట వినిపించేది, అది మోగినప్పుడల్లా చేస్తున్న పని ఆపి నిలబడిపోయేదాన్ని.

ఇప్పుడు ఆ బడి ఉన్న చోట బట్టల షోరూం ఉంది. మా కాలంలో పిల్లలు రెండు కోణాలైనా కొలిచేవాళ్ళు. ఇప్పుడు కొలిచేవాళ్ళూ లేరు, నిరూపించేవాళ్ళూ లేరు, జవాబు మాత్రం అందరికీ ముందే తెలుసు. ఇది ముసలితనపు చాదస్తమని మీరనుకుంటే అనుకోండి, నాకేం ఫికర్ లేదు. ఆ రోజుల్లో వంటింట్లో చాలాసార్లు ఏడ్చాను, నిజమే. ఆ అంకె చెరిపేసి ఉంటే హాయిగా ఉండేదేమో. అది నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.