ఇంటిపేరు అడగని స్క్రిప్టు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కువైట్ సిటీలో ఒక వ్యాపార సంస్థలో అప్లికేషన్ సర్వర్ చూసుకునేవాణ్ణి. ఏ ప్రోగ్రాం ఏ డేటాబేస్‌తో మాట్లాడాలి, ఎంత మెమరీ వాడుకోవాలి లాంటి అమరికలు అందులో వందల కొద్దీ ఉంటాయి. ఒకటి మార్చాలంటే కన్సోల్ తెరిచి, ఒక పేజీ నొక్కి, అది వచ్చేదాకా టీ తాగి, ఇంకో పేజీ నొక్కాలి. నాకు ఓపిక పుట్టుకతోనే లేదు. అందుకని స్క్రిప్టులు రాయడం మొదలుపెట్టాను. ఫలానా పేరున్న అమరికను వెతుకు, దొరికితే మార్చు, సేవ్ చెయ్యి. పది వరుసలు, నిమిషంలో ఖలాస్. అది నడుస్తుంటే కుర్చీలో వెనక్కి వాలి, ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూసేవాణ్ణి.

చూసేవాడు ఒక్కడే, మాకు టీ పెట్టే పెద్దాయన. కడప జిల్లావాడు, యాభై దాటాయి. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవాడు. ఊళ్లో ఏళ్ల తరబడి గదీ గదీ చొప్పున కట్టిన ఇల్లు పూర్తయింది. దంపతులు పీటల మీద కూర్చుంటే తప్ప గృహప్రవేశం కాదు. మొగుడు రానిదే గడప తొక్కనని భార్య పంతం పట్టి, ఎదురుగా రేకుల కొట్టంలో ఉంటోంది. ముహూర్తం అప్పటికి మూడుసార్లు మార్చారు. బాబాయ్ లీవు దరఖాస్తు పదకొండు నెలలుగా మా ముదీర్, అంటే మేనేజరు, దగ్గరే ఉంది. ఎప్పుడడిగినా "బుక్రా" అనేవాడు. రేపు అని అర్థం. ఆ రేపు వచ్చేది కాదు.

ఆ వారం లీవుల ప్రోగ్రాం వాడే డేటాబేస్‌కు కొత్త చిరునామా వచ్చింది. పాతది గురువారం దాకా పనిచేస్తుందట. సోమవారం పొద్దున్నే నా స్క్రిప్టు నడిపాను. మార్పు జరిగింది, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఛాతీ ఇంత చేసుకుని పక్క హాల్లో శిక్షణ తరగతికి వెళ్లాను. బ్రాంచీల నుంచి వచ్చిన గుమాస్తాలకు లీవుల ప్రోగ్రాం నేర్పడానికి దాని నకలు ఒకటి అదే కన్సోల్ కింద వేరే సర్వర్‌లో పెట్టి ఉంది. "భయపడకండి, ఏది నొక్కినా ఏమీ కాదు. ఇదంతా ఉత్తుత్తిదే," అని వాళ్లకు అభయమిచ్చి వచ్చేశాను.

మధ్యాహ్నానికి ఫోన్లు మొదలయ్యాయి. అకౌంట్స్ పెద్దాయన లీవు రద్దయింది, కారణం దగ్గర వరసగా ఎనిమిది సున్నాలున్నాయి. అడగని డ్రైవరుకు మూడు నెలలు మంజూరైంది. ఎగైలా గోడౌన్ మొత్తం ఒకేసారి హజ్ లీవులో ఉంది, అందులో ముగ్గురు హిందువులు. అన్నిటికీ మించి మా ముదీర్‌గారికి ప్రసూతి సెలవు వచ్చింది.

ఆ పేరున్న అమరికలన్నీ చూపించమని సర్వర్‌ను అడిగాను. రెండు వచ్చాయి. అసలు దానికీ నకలుకీ ఒకే పేరు పెట్టిన మహానుభావుణ్ణి నేనే. ఒక్కటే ఉంటుందన్న ధీమాతో, వచ్చిన వాటిలో మొదటిది పట్టుకోమని స్క్రిప్టులో రాసిందీ నేనే. అలా నకలుకు అసలు డేటాబేస్ చిరునామా ఇచ్చేశాను. రెంటికీ పాస్‌వర్డ్ కూడా ఒకటే. అదీ నా చలవే. అసలుది పాత చిరునామాతో హాయిగా నడుస్తోంది కాబట్టి నాకు తెలియలేదు.

మా ఇంట్లో తాతగారి పేరు నలుగురు మనవలకు పెట్టారు. వీధిలోంచి ఎవరైనా ఆ పేరుతో కేకేస్తే నలుగురం బయటికొచ్చేవాళ్లం. అందుకని తండ్రి పేరు కలిపి పిలిచేవారు. కువైటీలైతే తాత పేరు దాకా చెప్తారు. సర్వర్‌కూ అదే పద్ధతి. ఏ యంత్రం మీద, ఏ సర్వర్ కింద ఉన్నదో చెప్పి అడిగితే సరైనదే ఇస్తుంది. అలాంటి ఇంట్లో పెరిగి కూడా నేను ఉట్టి పేరుతో కేకేసి, ముందు వచ్చినవాడి చెయ్యి పట్టుకున్నాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

వంశవృక్షం మొత్తం చేర్చి స్క్రిప్టు దిద్దడానికి పది నిమిషాలు పట్టింది. కానీ పొద్దుటి నుంచి నొక్కినవి నొక్కినట్టే ఉన్నాయి. జాబితా తీస్తే ముప్పై ఏడు. ముదీర్ చూసి, "అన్నీ రద్దు చెయ్యి. ఒక్కటీ మిగలకూడదు. యల్లా, త్వరగా," అన్నాడు. ఆయన కళ్లు తన ప్రసూతి సెలవు మీదే ఉన్నాయి. నా కళ్లు పంతొమ్మిదో వరుస మీద ఆగిపోయాయి. అది బాబాయ్ పేరు.

వంటగదికి వెళ్లాను. నన్ను చూడగానే ఆయన మొహం వెలిగింది.

"సార్, నా లీవు పాసయిపాయ. మందూబు పాస్‌పోర్టు గూడా చేతికిచ్చినాడు. బేస్తవారం పోతాండా. మా ఆడామెకు ఫోన్ జేస్తే నమ్మల్యా."

మందూబ్ అంటే కంపెనీ కాగితాల పని చూసే మనిషి. ఆయన ఇనప్పెట్టెలోంచి పాస్‌పోర్టు తీసిచ్చాడంటే పని పూర్తయినట్టే. జరిగిన పొరపాటు చెప్పాను. బాబాయ్ స్టవ్ ఆపి, చొక్కా జేబులోంచి పాస్‌పోర్టు తీసి చూసుకున్నాడు.

"అయితే ఇది మళ్లా ఇచ్చేయాల్నా సార్?"

ఆ కాగితం ఎవరు నొక్కారని అడిగాను.

"పొద్దన క్లాసులో టీ ఇచ్చాంటే, జహ్రా బ్రాంచి నుంచి వచ్చిన కేరళ మలబారీ పాప నా కాగితం తెరిచి, ఇది నువ్వేనా అని హిందీలో అడిగె. ఔనంటి. అంతా సదివి, పదకొండు నెలలు ఎందుకాపినారు అనె. ఇంటి సంగతి చెప్పినా. ఉత్తుత్తిగా అన్నా పోయిరా బాబా అని ఒత్తిందప్పా ఆ పాప. ఉత్తుత్తిది అని నాకూ ఎరికే. మందూబు పిలిచ్చే, నిజమే గావాలనుకొంటి."

సిగ్గూ కోపమూ ఒకేసారి వచ్చాయి. మిగతా ముప్పై ఆరూ చేతి దురదతో నొక్కినవి. చదివి నొక్కింది ఇదొక్కటే.

ఉద్యోగం పోతే ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, పోతుంది, ఇఖామా పోతే ఈ దేశమే పోతుంది. అది గుర్తుండగానే ముదీర్ గదిలోకి వెళ్లి, పొరపాటు ఎవరిదో, ఎలా జరిగిందో పూర్తిగా ఒప్పుకున్నాను. ముప్పై ఆరు రద్దు చేస్తాను, మిగిలిన ఒక్కటీ మీరొకసారి చదవండి అన్నాను.

"ఇది ఎన్నాళ్ల నుంచి ఉంది?"

"పదకొండు నెలలు."

"ఎవరి దగ్గర?"

నేను పైకప్పు కేసి చూశాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటిసారి ఆ దరఖాస్తు చదివాడు. చాలాసేపు చదివాడు.

"ఇతను వెళ్తే టీ ఎవరు పెడతారు?" అన్నాడు చివరికి.

పదకొండు నెలల అడ్డంకి అదన్నమాట. నా ఓపికలేనితనం మళ్లీ పనికొచ్చింది. "నేను పెడతాను," అనేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి సంతకం పెట్టాడు.

రెండు నెలలు టీ పెట్టాను. సర్వర్‌లో ఏ అమరిక ఎక్కడుందో చిటికెలో చెప్పగలిగేవాణ్ణి గానీ, వంటగదిలో పంచదార డబ్బా ఎక్కడుందో కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది. మొదటి వారం ముదీర్ తన టీని కిటికీ దగ్గర మొక్కకు పోసేవాడు. అకౌంట్స్ పెద్దాయన ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

మూడో వారంలో ఒక పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి నిలబడ్డాను. ఫోన్ మోగింది.

"సార్, యాడ నుంచి మాట్లాడతాండానో చెప్పు."

"ఎక్కడి నుంచి బాబాయ్?"

"ఇంట్లో నుంచి. మా ఆడామె లోపలికొచ్చింది సార్. ఇద్దరం పీటల మీద కూర్చున్యాం. ఇబ్బుడే పాలు పొంగిచ్చినాం."

ఆయన వెనక ఆడవాళ్ల మాటలు, పళ్లేల చప్పుడు వినిపించాయి. సంతోషంతో నాకు కళ్లు తడిశాయి. ఏ వాకిలి, ఏ వైపు గడప, ఎన్ని గదులు అని అడుగుతూ గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

మాడు వాసనకు వెనక్కి తిరిగేసరికి నా పాలు కూడా పొంగి స్టవ్ ఆర్పేశాయి.

ముదీర్ తలుపులోంచి తొంగిచూసి, "ఏమైంది?" అన్నాడు.

"గృహప్రవేశం," అన్నాను గుడ్డ వెతుక్కుంటూ.