మేక గంట కట్టిన సైకిలు

రామతీర్థం దాటాక జీడితోటల మధ్య నుంచి కొండెక్కే కాలిబాట ఒకటుంది. ఆదివారం పొద్దున్నే ఆ బాట మీద సైకిలు తొక్కడం నాకు యాభై దాటాక పట్టిన పిచ్చి. సైకిలంటే మామూలు సైకిలు కాదు. టైర్లు ట్రాక్టరువి, బ్రేకులు రైలింజనువి, గేర్లు మా వంటింట్లో గరిటెల కంటే ఎక్కువ. సీటు మాత్రం నిమ్మకాయంత. ఎక్కేటప్పుడు దాన్ని నేను తోసుకెళ్తాను, దిగేటప్పుడు అది నన్ను ఈడ్చుకొస్తుంది. ఈ రెంటినీ కలిపి వ్యాయామం అంటారని మా బావమరిది చెప్పాడు. వాడిది కూడా అలాంటి సైకిలే, కాకపోతే వాడు ఎక్కేటప్పుడు కూడా తొక్కుతాడు. అదొక్కటే వాడిలో నాకు నచ్చని గుణం.

చిక్కేమిటంటే ఆ బాట మాకోసం పడింది కాదు. కట్టెల మోపులతో దిగే ఆడవాళ్ళు, విస్తళ్ళకి అడ్డాకులు కోసుకొచ్చేవాళ్ళు, మేకలు, బండ మీద ఎండ కాచుకునే ఉడుములు, అందరిదీ. మేం వస్తున్నామని వాళ్ళకు ముందే తెలియాలి. సైకిలుతో పాటు వచ్చిన గంట దోమ తుమ్మినట్టు మోగేది. ఒకనాడు మలుపులో అది వినపడక, నెత్తిన మోపుతో వస్తున్న ఒకామె తాటిచెట్టంత ఎత్తు ఎగిరిపడింది. మోపు మాత్రం నెత్తి మీద ఇసుమంత కదల్లేదు.

"గుద్దీసినావంటే నా నడుం నువ్వు తెచ్చిస్తావేటి?" అంది. ఆ తర్వాత మా వంశంలో ఏడు తరాలవాళ్ళని పలకరించింది.

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. గంట మార్చక తప్పదనుకున్నాను.

"బావా, దిగినప్పుడు రెండు సేతులూ బ్రేకుల మీదే ఉండాల. గంట కొట్టడానికి మూడో సెయ్యి ఎక్కణ్ణుంచి తెస్తావు? కుదుపుకి దానంతటదే మోగీది కట్టాల" అన్నాడు బావమరిది.

మా అత్తవారిది నరసన్నపేట. అక్కడి సంతలో పలుపుతాళ్ళు, గంటలు అమ్మే ముసలాయన దగ్గరికి వెళ్ళాను.

"దేనికి బాబూ? పెయ్యకా, మేకపోతుకా?" అన్నాడు.

"నాకే" అన్నాను.

ఆయన నా మెడ వైపు ఓసారి చూసి, చేతిలోది పక్కన పెట్టి, ఇంకాస్త పెద్దది తీశాడు. కంచుది. ఒక్కసారి ఊపితే ఆ మోత నరసన్నపేటలో బయల్దేరి పాతపట్నం దాకా వెళ్ళి టీ తాగి తిరిగొచ్చింది. బావమరిది దాన్ని హ్యాండిలు కింద ఇనపతీగతో కట్టి, కటింగుప్లేయరుతో మెలిపెట్టి, "భూకంపమొచ్చినా ఊడదు" అన్నాడు. ఆ మాట నిజమని తర్వాత తెలిసింది.

ఆ ఆదివారం ఎక్కేటప్పుడు గంట నాలుక్కి జేబురుమాలు చుట్టాను. తోసుకుంటూ పోయేవాడికి గంటెందుకు? కొండ నడుమ బండ మీద మేకలు కాసే ఒక పెద్దామె కూర్చునుంది. నోట్లో అడ్డపొగ. అంటే చుట్ట నిప్పు వైపు లోపల పెట్టి, నోరు మూసుకుని కాల్చడం. మాట్లాడాలంటే ముందు చుట్ట తియ్యాలి. మమ్మల్ని చూసి తీసింది.

"ఇన్ని మేకలూ నీవేనా అమ్మా?" అన్నాను.

"నావెక్కడివి బాబూ! ఊరోళ్ళవి. పొద్దున్న ఎవులింటి ముందు ఇప్పితే సాయింత్రం ఆలింటి ముందు కట్టాల. ఒకటి తగ్గితే నాదొకటి ఇచ్చీవాల. నాకున్నవి రెండు."

"రెండేనా?"

"రెండే. దానికి తోడు మొన్న పోతు మెడలో గంట తాడు తెగి ఎక్కడో పడిపోనాది. ఆ మోత ఇనపడందే ఇవి తిన్నగా నడవ్వు. దిక్కునేనట్టు తిరుగుతన్నాయి."

నేను "అయ్యో పాపం" అన్నాను. అంతకుమించి ఆలోచించడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు లేదు.

పైకెళ్ళి, నీళ్ళు తాగి, జేబురుమాలు విప్పి, దిగడం మొదలుపెట్టాను. ఏం మోత! రాళ్ళ మీద చక్రం ఎగిరినప్పుడల్లా ఖణేల్! అడ్డాకులవాళ్ళు అరమైలు ముందే పక్కకి తప్పుకుని నవ్వుతూ నిలబడ్డారు. ఒక ఉడుము కూడా దారిచ్చింది. నేనిక ఎవరినీ భయపెట్టనన్న ఆనందంలో సీటు నొప్పి కూడా తెలియలేదు. మేకల పక్కనుంచి రాజుగారి ఊరేగింపులా మోగుకుంటూ పోయాను.

వెనక టపటపమని చప్పుడు. బావమరిది అనుకున్నాను. వాడికి రెండే చక్రాలు, అంత చప్పుడెక్కడిది అనుకుని తిరిగి చూశాను.

అరవై మేకలు! అన్నిటికీ ముందు గడ్డం పోతు, పోగొట్టుకున్న గురువు దొరికినట్టు నా మీదే కళ్ళు పెట్టి పరిగెడుతోంది. ఆ వెనక ధూళి. ధూళి వెనక "బావా! బావా!" అని కేకలు. పైన బండ మీద పెద్దామె రెండు చేతులూ గాల్లో ఊపుతోంది గానీ కేక రావడం లేదు. నోట్లో నిప్పుంది మరి.

జోరు పెంచాను. అవీ పెంచాయి. మా ఇంట్లో నేను పిలిస్తే పిల్లి కూడా రాదు. అలాంటి నా వెనక ఇంతమంది అనుచరులు! ఒక్క క్షణం గర్వపడ్డానని ఒప్పుకుంటాను. మరుక్షణం కొండ కింద చోడి చేను, అంటే రాగిచేను, కనబడింది. జానెడు మొక్కలు, పచ్చగా. గట్టు మీద కర్రతో రైతు.

"ఓ మనిసీ, ఆగక్కడ! సైకిలు మీద మేకలు కాస్తన్నావేటి?"

"నావి కావు బాబూ!"

"నీవి కాపోతే నీ ఎనకాల ఎందుకొస్తన్నాయి? గట్టు దాటినదాన్ని దాటినట్టు మా పసువుల సాలలో కట్టీస్తాను. పెద్దమనుసులొచ్చి తగువు తీర్చీదాకా ఒగ్గను!"

బ్రేకులు నొక్కాను. గంట ఆగింది. మేకలూ ఆగాయి. పదడుగుల దూరంలో నిలబడి, ఇప్పుడేం చెయ్యమంటావన్నట్టు నన్ను చూశాయి. నేనేం చెప్పకపోయేసరికి చేను వైపు చూశాయి. పోతు ఒక అడుగు అటు వేసింది. కంగారుగా హ్యాండిలు ఊపాను. ఖణేల్! అన్నీ మళ్ళీ నా వైపు తిరిగాయి. ఊపితే నేను, ఆపితే చోళ్ళు. అలా నిలబడి మూర్ఛవచ్చినవాడిలా సైకిల్ని ఊపుతుంటే బావమరిది వచ్చి గంట ఊడదియ్యబోయాడు. ఊడలేదు.

ఈలోగా పెద్దామె చుట్ట చేత్తో పట్టుకుని రొప్పుకుంటూ దిగింది.

"దాన్ని ముట్టీకు! గంట ఆగినాదంటే అన్నీ సేన్లో పడతాయి. ఇందులో ఒక్కటి ఆల సాలలో పడినా సాయింత్రం నా మేక పోద్ది. తిప్పు బండిని! ఎక్కు కొండ!"

"తోసుకుంటూ వస్తానమ్మా..."

"తోస్తే ఏటి మోగుతాది? తొక్కు!"

నా జన్మలో ఆ కొండ తొక్కి ఎక్కింది అదొక్కసారే. బావమరిది సీటు వెనక భుజం పెట్టి తోశాడు.

"గేరు మార్చు బావా!"

"ఏ గేర్రా?"

"ఏదో ఒకటి!"

మార్చాను. ఏది మార్చానో ఇప్పటికీ తెలియదు. కాసేపు వెనక్కి వెళ్ళాం. నెమ్మదించినప్పుడల్లా గంట నీరసపడేది, మేకలు చేను వైపు మెడలు తిప్పేవి, కింద రైతు కర్ర ఎత్తేవాడు, పెద్దామె "తొక్కు నా బాబు! తొక్కు నా తండ్రి!" అని ఒకసారీ, "తిండి తిననేదేట్రా!" అని ఒకసారీ అరిచేది. నా గుండె గంటకంటే గట్టిగా మోగింది. పోతు నా పక్కకొచ్చి, జాలిపడి, నా పిక్క మీద చెమట నాకింది.

బండ దగ్గరికి చేరి అడ్డంగా పడిపోయాను. పడుకునే కాలితో గంట కదుపుతున్నాను. పెద్దామె ఇళ్ళ లెక్కన పేర్లు పెట్టి చూసుకుంటోంది.

"మిల్లోలవి ఆరు... సివరింటోలవి నాలుగు... మేస్టారిది కుంటిది... మేస్టారి సూడిమేక..."

ఆగిపోయింది. మళ్ళీ చూసింది. నిండు చూలుతో ఉన్న ఆ మేక లేదు. తన రెండు మేకల వైపు చూసింది. నా కాలు ఆగిపోయింది. చేను వైపు చూశాను. రైతు దూరం నుంచే రెండు చేతులూ ఖాళీగా తిప్పాడు. అక్కడ లేదు.

"ఇదేనేటమ్మా?" అని బావమరిది బండ వెనక నుంచి పిలిచాడు.

అక్కడ నీడలో సూడిమేక తీరిగ్గా పడుకుని నెమరేస్తోంది. అది కదలనే లేదు. మందలో బుద్ధున్నది అదొక్కటే, నా వెనక రాలేదు.

పెద్దామె నవ్వు మొదలుపెట్టింది. బండ మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నాకూ అంటుకుంది. బావమరిది నేలమీద దొర్లాడు. తర్వాత ఆమె నడుముకి దోపుకున్న కత్తి తీసి తీగని రెండు దెబ్బల్లో తెంపి, గంట పోతు మెడలో కట్టేసింది. అడగలేదు. నేనూ వద్దనలేదు.

"మరి నేను వస్తున్నట్టు జనానికి ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాను.

"నోరు నేదేటి నీకు?" అంది. చుట్ట మళ్ళీ లోపల పెట్టేసుకుంది.

అప్పట్నుంచీ ప్రతి మలుపు ముందూ కొండ దద్దరిల్లేలా అరుస్తాను. "వస్తన్నానమ్మో!" అని. "రా బాబూ, ఎవులు వద్దన్నారు?" అని ఒక తుప్ప వెనక నుంచి బదులొస్తుంది. "ఈరోజు ఎన్ని మేకలు?" అని ఇంకో తుప్ప. నిలబడి జవాబు చెప్పకపోతే మర్యాద కాదు కదా. పావుగంటలో దిగే కొండ దిగడానికి ఇప్పుడు గంటన్నర పడుతోంది.